చెంచాకి ఒకే ఉపయోగం

రిటైరైన రోజున మా డిపార్ట్‌మెంట్ వాళ్ళు తెప్పించిన కేకు మీద "క్రియేటివిటీ మేడం" అని రాయించారు. ముప్పై ఏళ్ళకు పైగా సికింద్రాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేశాను. మెదడు జబ్బులతో వచ్చినవాళ్ళ జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచించే తీరు పరీక్షించి రిపోర్టు రాయడం నా పని. అందులో నాకు ప్రాణమైన విషయం సృజనాత్మకత. కొత్త ఆలోచన మెదడులో ఎక్కణ్ణుంచి పుడుతుంది, కొందరికే ఎందుకు తడుతుంది అన్నదాని మీద దొరికిందల్లా చదివాను. సెలవు రోజుల్లో హైటెక్ సిటీ కంపెనీల వాళ్ళు పిలిస్తే వెళ్ళి ఉపన్యాసాలిచ్చాను. బల్ల మీద ఒక ఇటుక పెట్టి, "రెండు నిమిషాల్లో దీనితో ఎన్ని పనులు చెయ్యొచ్చో రాయండి" అనేదాన్ని. ఒకసారి ఒక కుర్రాడు ముప్పై ఎనిమిది రాశాడు. అతనికి కాఫీ మగ్గు బహుమతిగా ఇచ్చాం. ఆ ముప్పై ఎనిమిదిలో పది దాకా వాళ్ళ మేనేజరు మీద ఇటుక వేసే పద్ధతులే. అయినా లెక్క లెక్కే కాబట్టి మగ్గు అతనిదే.

కేకు కోస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మౌలాలి నుంచి వచ్చే ఒక పెద్దాయన గుర్తొచ్చి చెయ్యి ఆగింది. అలాంటి పరీక్షలోనే ఆయన చెప్పింది ఒకే ఒక్క జవాబు. అది కూడా నేను పూర్తిగా వినలేదు, చెప్పనివ్వలేదు. ఇప్పుడిప్పుడే ఈ ఉద్యోగంలో చేరి, స్కోరు షీట్లు పట్టుకుని వార్డుల్లో తిరుగుతున్న మీకు ఆయన సంగతి చెప్పాలనిపించింది.

నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు మాట. ఆయనకి అప్పుడు అరవై మూడేళ్ళు. సొంతూరు శ్రీకాకుళం వైపు. ఇరవై ఏళ్ళ వయసులో ఇక్కడికి వచ్చి, ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, అక్కడే జీవితమంతా పనిచేశారు. రేకుని ప్రెస్ మిషన్ కింద పెట్టి గిన్నెలు, డబ్బా మూతలు కొట్టే ఫ్యాక్టరీ. మాకు చూపించే నాటికి ఆయనకి నాలుగేళ్ళుగా పార్కిన్సన్స్ జబ్బు. చెయ్యి వణుకు, కాళ్ళు బిగుసుకుపోవడం, వాటితో పాటు గొంతు కూడా సన్నబడిపోయింది. ఆయన మాట్లాడితే దగ్గరగా జరిగి వినాలి. మాటకీ మాటకీ మధ్య అంత సేపు ఆగేవారు. వినేవాళ్ళకి వాక్యం అయిపోయిందేమో అనిపించేది, అయ్యేది కాదు.

ఈ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుంది. మా న్యూరాలజిస్టు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, ఆ రసాయనం బదులు పనిచేసే ఒక కొత్త మాత్ర ఇచ్చాడు. రెండు నెలల్లో నడక బాగుపడింది. చేతులు స్వాధీనంలోకి వచ్చాయి. దాంతో పాటు ఇంకొకటి మొదలైంది. అదేమిటో తేల్చమని ఆయన్ని నా దగ్గరికి పంపాడు.

ముందు భార్యతో మాట్లాడాను. ఆవిడ కాలికి కట్టు ఉంది. బయట బెంచీ మీద కూర్చునే నిద్రపోతుంటే మా ఆయమ్మ తట్టి లేపి లోపలికి పంపింది.

"పొద్దస్తమానం అదే పనండి మేడంగారూ" అంది. "తీగలు, రేకు ముక్కలు, సైకిలు ట్యూబులు. చేతికి తగిలించుకునే పంజాల్లాంటివి చేస్తన్నారు. ఒకటి చేసీడం, విప్పీడం, మళ్ళీ అదే చేసీడం. నిద్దర లేదు, తిండి లేదు. మొన్న మిక్సీ విప్పీసినారు. నా వంటింట్లో ఒక్క చెంచా మిగల్లేదండి. ఇల్లంతా తీగ ముక్కలే. అదిగో, కాల్లో దిగిపోయి నాలుగు కుట్లు పడ్డాయి."

"ఇదివరకు ఇలాంటి సరదా ఏమైనా ఉండేదా? బొమ్మలు గీయడం, వస్తువులు చేయడం?"

"ఏటీ లేదండి. డ్యూటీ, ఇల్లు. ఆఫీసర్లు కాగితం మీద గీసిచ్చింది చేసీడమే గానీ సొంతంగా ఒక్కటి చేసిన మనిషి కాదు. ఇప్పుడేటిది?"

"ఎన్ని చేసుంటారు?"

"నలబై దాకా ఉంటాయండి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎందుకూ పనికిరావు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు మూతలు పడిపోతున్నాయి.

ఇక్కడ కొంచెం మన శాస్త్రం చెప్పాలి. కొత్త ఆలోచన రావాలంటే మెదడులో రెండు రకాల పనులు కలవాలి. మనం ఏ పనీ లేకుండా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నప్పుడు హుషారయ్యే భాగాలు కొన్ని ఉంటాయి. అవి పాత జ్ఞాపకాన్నీ, నిన్న చూసిన వస్తువునీ, ఎప్పుడో విన్న మాటనీ పక్కపక్కన పెట్టి చూస్తుంటాయి. అలా వచ్చినదాన్ని పట్టుకుని "ఇది కుదురుతుంది, ఇది కుదరదు" అని తేల్చే భాగాలు వేరే. డోపమైన్ ఆ మొదటిదానికి ఊపునిస్తుంది. అందుకే ఈ మాత్ర వేసుకున్నవాళ్ళలో కొందరు, జన్మలో కుంచె పట్టనివాళ్ళు, ఉన్నట్టుండి బొమ్మలు వేస్తారు, పద్యాలు రాస్తారు. కానీ ఊపు హద్దు దాటితే ఇంకో రకమవుతుంది. గడియారం విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం. గంటల తరబడి అదే పని, దేనికో వాళ్ళకే తెలియదు. అది సృజన కాదు, మందు తెచ్చిపెట్టిన ఇబ్బంది. దాన్ని ఆపాలి.

డాక్టరు నన్ను అడిగింది ఇదే. "ఈయనది ఏది మేడం? సృజన అయితే కొన్నాళ్ళు చూద్దాం. మందు తెచ్చిన ఇబ్బంది అయితే డోసు తగ్గించేస్తాను."

నా జీవితమంతా ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురు చూశానని చెప్పాలి. ఇంత చదివాను కదా, ఇంతమందికి చెప్పాను కదా.

పరీక్ష పెట్టింది ఒక సోమవారం. బయట పదకొండుమంది వరుసలో ఉన్నారు. ఒక్కొక్కరికీ ముప్పావు గంట. ఆసుపత్రిలో ఇటుక పెట్టుకోలేం కాబట్టి అక్కడ నేను ఒక స్టీలు చెంచా వాడేదాన్ని. దాన్ని ఆయన చేతికిచ్చి, "దీనితో ఎన్ని రకాల పనులు చెయ్యొచ్చో చెప్పండి, మామూలుగా ఎవరూ చెయ్యనివైనా సరే" అన్నాను. స్టాప్‌వాచ్ నొక్కాను.

ఆయన చెంచాని తిప్పి చూశారు. కాడ మీద బొటనవేలితో నొక్కి చూశారు. నా గదిలోకి వచ్చాక మొదటిసారి ఆయన మొహంలో నవ్వు లాంటిది కనిపించింది.

"దీన్ని... అరిచేతికి... కట్టాల" అన్నారు.

"సరే. ఇంకా?"

"మెడ కాడ... ఒంచాల. ఇలగ కాదు. అడ్డంగా."

"బావుంది. ఇంకేం చెయ్యొచ్చు? వేరే ఉపయోగం?"

"ఇదేనమ్మా. ఆడికి... బొటనేలు ఉన్నాది గదా. దానికి ఎదర... ఇది ఆనితే..."

స్టాప్‌వాచ్ మోగింది. రెండు నిమిషాలు అయిపోయాయి. "సరేనండీ, అయిపోయింది" అని చెంచా తీసేసుకున్నాను. ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, వేళ్ళు దగ్గరికి ముడిచి. నా వైపు ఒకసారి చూసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను షీటులో రాసుకున్నాను: జవాబులు, ఒకటి. "ఆడికి" అంటే ఎవరికి అని అడగలేదు. ప్రశ్నకి సంబంధం లేని మాట అని పక్కన చిన్న గుర్తు పెట్టాను. భార్య సంచీలో తెచ్చిన రెండు పంజాలు చూశాను. నా కంటికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

వాళ్ళు వెళ్ళాక మా ఆయమ్మ కుర్చీ సర్దుతూ అంది. "మేడం, ఆ తాత ఇంకా చెప్తుండె. మీరు జెర ఆగితే అయిపోతుండె."

"దీనికి టైముంటుందమ్మా" అన్నాను.

"టైముంటే ఉండనీ. ఆయన మంచిగ చెప్తుండె కదా" అని, తర్వాతి పేషెంటుని పిలవడానికి పోయింది.

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. మన రిపోర్టులు ఇంగ్లీషులోనే కదా ఉంటాయి. ఆలోచనల సంఖ్య బాగా తక్కువ అని, ఒకే విషయానికి అంటిపెట్టుకుపోతున్నారని రాసి, చివర్లో ఒక వాక్యం పెట్టాను. తెలుగులో చెప్పాలంటే: "ఈ వ్యక్తి చేస్తున్నది ఒకే పని పదే పదే, ప్రయోజనం లేకుండా. దీన్ని సృజనాత్మకతగా పరిగణించలేము." పేరు కింద సంతకం చేశాను. బాగా రాశాననే అనుకున్నాను. ఇంత తెలిసినదాన్ని కాబట్టే మోజులో పడకుండా, శాస్త్రీయంగా తేల్చానని కొంచెం గర్వం కూడా.

డాక్టరు మూడు వారాల్లో డోసు సగానికి తగ్గించాడు. ఆ నెలాఖర్న భార్య వచ్చింది, నిద్రపోయిన మొహంతో. కుట్లు మానాయి, నడక మామూలుగా ఉంది. "ఇప్పుడు బాగున్నారండి. పడుకుంటన్నారు. పేపరు చదువుకుంటన్నారు. ఆ సామానంతా మూటకట్టి అటక మీద పెట్టీసినాను" అని, ఇంట్లో చేసిన సున్నుండలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. నేను రెండు తిన్నాను, మిగతావి డిపార్ట్‌మెంట్‌లో పంచాను.

తర్వాత నాలుగు నెలలకి చెకప్‌కి వచ్చినప్పుడు భార్యకి జ్వరమట, ఎవరో స్నేహితుడు తీసుకొచ్చాడు. బక్కపల్చటి మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటాడు. ఎడమ చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని, కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని నడుస్తున్నాడు. ఫారం మీద ఎడమ చేత్తోనే సంతకం చేశాడు. కుర్చీలో కూర్చోబోతూ పెద్దాయన కాలు తడబడింది. స్నేహితుడు గబుక్కున రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పుడు చూశాను ఆ కుడి చెయ్యి. నాలుగు వేళ్ళూ మొదలంటా లేవు. బొటనవేలు ఒక్కటే ఉంది.

ఆ క్షణాన నాకు వెంటనే ఏమీ అర్థం కాలేదు. "ఆడికి బొటనేలు ఉన్నాది గదా" అన్న ఆ సన్నటి గొంతు చెవిలో వినబడింది.

"మీ చెయ్యి..." అన్నాను.

"ఇర్వై రెండేండ్లాయె మేడం" అన్నాడతను మామూలుగా. "అన్న, నేను ఒక్క మిషన్ మీదనే చేస్తుంటిమి. నేను ప్రెస్ కింద రేకు సదురుతున్న. చెయ్యి తీసిననుకొని అన్న పెడల్ తొక్కిండు. అన్న తప్పు కాదు, నా తప్పు కాదు. సేఠ్ సుత గదే అన్నడు. గా దినం సంది అన్న మాతోని నవ్వి మాట్లాడలే."

"ఎందుకురా ఇప్పుడవన్నీ" అన్నారు పెద్దాయన, తల వంచుకుని.

నేను ఆ రోజు గడియారం చూడలేదు. "ఆయన తీగలతో చేసినవి మీకు తెలుసా?" అని అడిగాను.

అతను నవ్వాడు. "నాకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది మేడం? నాకోసమే కదా! బన్సీలాల్‌పేట్‌ల మా ఇల్లు, మెట్లబావి వెనక గల్లీ. పోయినేడు ఒక ఐతారం ఇంటికొచ్చిండు. జేబులకెల్లి గిట్లాంటిదొకటి తీసి, చేతికి కట్టుకోరా, బువ్వ కలుపు అన్నడు. నేను బువ్వ కలుపుకొని ఎన్నేండ్లాయె! ఎడమ చేత్తోని తింటే మా అమ్మ ఏడ్చేది. చెంచాతోని తినుడు షురూ చేసిన. పెండ్లిళ్ళకు పోవుడు బంద్ చేసిన. బంతిల కూసొని అందరు కలుపుకొని తింటుంటే నాకు పరేషాన్ అయితది. గది అన్న చూసిండు ఎప్పుడో. మనసుల పెట్టుకున్నడు."

"ప్రతివారం వచ్చేవారా?"

"వారానికి మూడో నాలుగో పట్టుకొచ్చుడే. మొదటిది చెయ్యి కోసింది. ఇంకోటి బరువుండె. రేకు మార్చిండు, నడుమ స్ప్రింగు పెట్టిండు, మెతుకులు జారకుండ ట్యూబు రబ్బరు తొడిగిండు. మా ఇంటామె పప్పు బువ్వ పెడుతుండె, నేను కలుపుతుంటి, అన్న నేల మీద కూసొని నా చేతిని చూస్తుండె. ఆఖరిదాంతోని నాలుగు ముద్దలు తిన్న మేడం. నా చేత్తోని కలుపుకొని. మా ఇంటామె చూసి లోపలికి పోయింది, బయటికి రాలే. పెరుగు బువ్వ మాత్రం జారిపోతుండె. వచ్చే ఐతారం దాని సంగతి చూద్దామన్నడు."

"తర్వాత?"

"తర్వాత రాలే. ఫోన్ చేస్తే, ఏం తోస్తలేదురా అన్నడు."

"ఇంట్లో ఎందుకు చెప్పలేదండీ?" అని పెద్దాయన్ని అడిగాను.

ఆయన చాలాసేపు ఊరుకున్నారు. ఈసారి నేనూ ఊరుకున్నాను. "అయిపోయాక... చెప్దామనుకున్నాను" అన్నారు. "అవకపోతే... నవ్వుతారు గదా."

ఆ మధ్యాహ్నమే న్యూరాలజిస్టు గదికి వెళ్ళి మొత్తం చెప్పాను. అతను పెన్ను కింద పెట్టి విన్నాడు. "మేడం, ఆయన నిద్రలేక రెండుసార్లు పడ్డాడు. ఇంట్లో ఆవిడ పరిస్థితి మీరే చూశారు. మీ రిపోర్టు ఇంకోలా ఉన్నా నేను డోసు తగ్గించేవాణ్ణే" అన్నాడు. నాకు కాస్త ఊపిరాడింది. అతను అక్కడ ఆపేసి ఉంటే బావుండేది. మంచివాడు, అబద్ధం చెప్పడం రానివాడు. "కాకపోతే ఇంత తొందరగా తగ్గించేవాణ్ణి కాదేమో. ఒక నెల ఆగేవాణ్ణి" అన్నాడు.

నెలంటే నాలుగు ఆదివారాలు.

మళ్ళీ మొదలుపెట్టే ప్రయత్నం చేశాం. డోసు కొంచెం పెంచాడు. నేను భార్యకి ఫోన్ చేసి సంగతంతా చెప్పి, అటక మీది మూట దింపించి, ఒక శనివారం మధ్యాహ్నం ఆయన్ని తీసుకుని రమ్మన్నాను. ఫోన్లో ఆవిడ "అలగేనండి" అంది.

నా గదిలో రెండు బల్లలు కలిపి అన్నీ పరిచాం. నలభై ఒకటి. ఆయన వాటిని చేసిన వరుసలో పెట్టడానికే అరగంట పట్టింది. తర్వాత ఒక్కొక్కటీ తీసి చెప్పారు. ఇది మణికట్టు దగ్గర కోసింది, అందుకని దీనికి అంచు మడిచాను. ఇది అన్నాన్ని నొక్కుతుంది గానీ కలపదు, అందుకని దీనికి వేళ్ళని విడదీశాను. మనకి వేళ్ళు నాలుగు గదా అని నాలుగు పెట్టాను, తర్వాత తెలిసింది మూడు చాలని. ఇక్కడ మిక్సీలో స్ప్రింగు చూశాక తట్టింది. రెండు గంటలకు పైగా పట్టింది. నేను కదలకుండా విన్నాను. ఏ రెండూ ఒక్కలా లేవు. ప్రతిదాంట్లో ఒక్కటే మార్పు, దాని ముందుదాని తప్పుని సరిదిద్దుతూ. ఒక ఆలోచన ఎలా పుడుతుంది, ఎలా తప్పుతుంది, ఎలా దారికొస్తుందో నేను ముప్పై ఏళ్ళు పుస్తకాల్లో వెతికాను. అదంతా నా ఎదుటే, తుప్పు పడుతూ, రెండు బల్లల నిండా ఉంది. పుట్టించే భాగం, తేల్చే భాగం రెండూ ఆయన తలలో అంత చక్కగా కలిసి పనిచేసిన రోజుల్లోనే నేను అక్కడ ఏమీ లేదని రాశాను.

చివరిది ఆయన చేతిలో పెట్టి, "పెరుగన్నం జారకుండా దీన్ని ఏం మారిస్తే బావుంటుంది?" అని అడిగాను.

తిప్పి చూశారు. మళ్ళీ తిప్పి చూశారు. భార్య ఆయన చేతుల్నే చూస్తోంది.

"అప్పుడు... పొద్దున్న లేచీసరికి... ఎదర కనబడీదమ్మా" అన్నారు. "ఇప్పుడు చెయ్యి బాగానే ఉన్నాది. చెయ్యమంటే చేస్తాను. ఏటి చెయ్యాలో... అదే రావట్లేదు."

నేను ఊరుకోలేకపోయాను. రబ్బరుకి గాట్లు పెడితే? అడుగున చిన్న రేకు వంచి పెడితే? ఇంకో స్ప్రింగు? ఐదారు చెప్పాను. పెద్ద ఉపన్యాసకురాలిని కదా. ఆయన మర్యాదగా అన్నీ విని, "అవి అయిపోనాయమ్మా" అని, తొమ్మిదోదాన్నీ, పందొమ్మిదోదాన్నీ, ఇరవై ఆరోదాన్నీ చూపించారు.

పెంచిన డోసుతో పది రోజులు తిరక్కముందే ఆయనకి ఇంట్లో లేని మనుషులు కనబడటం మొదలైంది. గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారని భయపడిపోయారట. మాత్ర మళ్ళీ తగ్గించక తప్పలేదు. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. తర్వాత రెండేళ్ళు చెకప్‌లకి వచ్చారు. వచ్చినప్పుడల్లా నా గదికి వచ్చి నమస్కారం పెట్టి వెళ్ళేవారు. నా మీద కోపం ఉన్నట్టు ఒక్కనాడూ అనిపించలేదు. ఉండి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

నా రిటైర్‌మెంట్‌కి నెల కూడా లేదనగా ఆయన పోయారు. వానాకాలంలో దగ్గు పట్టుకుని, ఊపిరితిత్తుల్లోకి దిగి, వారంలో అయిపోయింది. భార్య నాకు తనే ఫోన్ చేసి పెద్దకర్మకి రమ్మంది. మేము పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళం. అది పద్ధతి. వెళ్ళాను.

మౌలాలిలో రెండు గదుల ఇల్లు. టెంటు కింద బల్లలు వేసి భోజనాలు పెడుతున్నారు. స్నేహితుడు అందరికీ నీళ్ళు అందిస్తూ తిరుగుతున్నాడు. అందరూ అయ్యాక, గోడ వారగా ఒక కుర్చీ వేసుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో తిన్నాడు. నన్ను చూసి తలూపాడు. వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను.

జనం పల్చబడ్డాక భార్య నన్ను లోపలి గదిలోకి పిలిచింది. ఆసుపత్రి ఫైలు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇందులో మీరు రాసింది ఒకటుంది గదండి. ఇంగ్లీషులో ఉన్నాది. నాకెవరూ చదివి చెప్పలేదు. ఏటి రాసినారో చదవండి."

ఏదో ఒకటి మెత్తగా చెప్పి బయటపడదామని ఒక్క క్షణం అనిపించింది. ఆవిడ మంచం అంచున కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో పిల్లలా వింటోంది. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. ఆలోచనల సంఖ్య తక్కువ. ఒకే విషయానికి అంటిపెట్టుకుపోతున్నారు. చివరి వాక్యమూ చెప్పాను. "ఒకే పని పదే పదే చేస్తున్నారు, ప్రయోజనం లేకుండా, అని రాశానమ్మా."

బయట గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఆ మాట నాదేనండి" అంది ఆవిడ. "అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఎందుకూ పనికిరావు అని మీ గదిలో కూకొని నేనే చెప్పినాను. మూడు నెలలు నిద్దర లేక చెప్పినాను. నేను చెప్పిందే మీరు ఇంగ్లీషులో రాసినారు."

నిందించడానికి అనలేదు ఆవిడ. తప్పులో తన వంతు తను తీసుకోవడానికి అంది. నా చెయ్యి కూడా పట్టుకుంది. కానీ అంతకంటే కచ్చితంగా నా పనిని ఎవరూ అంచనా వేయలేదు. అలసిపోయిన ఒక మనిషి అన్న మాటని సరిచూడటానికే కదా నన్ను అక్కడ కూర్చోబెట్టింది. నేను చేసిందల్లా దాన్ని మంచి ఇంగ్లీషులోకి మార్చడం.

మర్నాడు ఆసుపత్రిలో రికార్డుల గదికి వెళ్ళి ఆయన ఫైలు తీయించాను. ఒకసారి రాసింది కొట్టేయడానికి మాకు వీల్లేదు. కింద అదనంగా రాసి, తేదీ వేసి సంతకం చెయ్యొచ్చు, అంతే. అక్కడి గుమాస్తా ఫైలు మీది ముద్ర చూసి, "పేషెంటు పోయిండు కదా మేడం, ఇంక దీన్ని ఎవరు చూస్తరు?" అన్నాడు.

నిలబడే రాశాను. "పై రిపోర్టులో చివరి వాక్యం తప్పు. ఈయన చేసిన నలభై ఒక్క పరికరాలు నలభై ఒక్క వేర్వేరు ప్రయత్నాలు. వేళ్ళు పోయిన స్నేహితుడు తన చేత్తో అన్నం కలుపుకోవాలని చేసినవి. పరీక్ష సమయంలో ఈయన ఆ సంగతే చెప్పబోయారు. సమయం అయిపోయిందని నేను ఆపాను."

తేదీ వేసి, సంతకం చేసి, ఫైలు గుమాస్తాకి ఇచ్చాను. అతను అది చదవకుండానే తీసుకెళ్ళి అలమారలో పెట్టాడు.